చిల్లు ఎటువైపు పడింది?

ప్రశ్న: నమస్తే మేడం. మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వారంలో నాలుగు రోజులు సైకిల్ మీదే వెళ్తున్నాను. పోనూ రానూ 24 కిలోమీటర్లు. హైబ్రిడ్ సైకిల్, 700 బై 38 టైర్లు, కొని ఏడు నెలలైంది. గడిచిన రెండు నెలల్లో నాలుగుసార్లు పంచరైంది. నాలుగూ వెనక చక్రమే. రెండుసార్లు మీటింగుకి ఆలస్యం, ఒకసారి కొత్తగూడ నుంచి నడిపించుకుంటూ పోయాను. సైకిల్ షాపులో అడిగితే ‘ట్యూబ్‌లెస్‌కి మారిపోండి సార్, పంచర్ అనే మాటే ఉండదు’ అన్నారు. టైర్లు, టేపు, వాల్వులు, చిల్లులు మూసే సీలెంటు ద్రవం, కూలీ అన్నీ కలిపి 9,500 అన్నారు. సైకిల్ కొన్నదే 24,000కి. నా స్కూటర్‌కి ట్యూబ్‌లెస్ టైర్లే, మూడేళ్లలో ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆపలేదు. మారిపోనా? – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీ ఉత్తరం అందగానే నేను అడిగింది ఒకటే, పాత ట్యూబులు పారేశారా అని. పారేయలేదు, బాల్కనీలో సంచిలో ఉన్నాయన్నారు. బతికించారు. గాలి కొట్టి బకెట్లో ముంచండి, బుడగ లేచిన చోట పెన్నుతో సున్నా చుట్టండి, వాల్వు కూడా కనపడేలా ఫొటో తీసి పంపండి అన్నాను. నాలుగు ఫొటోలు వచ్చాయి. మీ టైర్ల జాతకం వాటిలోనే ఉంది.

మా నాన్నకి ఖమ్మంలో సైకిల్ షాపు ఉండేది. గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిళ్లు పన్నెండు, పంచర్ తొట్టి ఒకటి. ఎనిమిదో క్లాసు సెలవుల నుంచి ఆ తొట్టి నా వంతు. చిల్లు దొరికిందని ఉప్పుకాగితం అందుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చేవాడు. “ముందు ఎటువైపు పడిందో చెప్పు” అనేవాడు. రోడ్డు వైపా, రిమ్ము వైపా, పక్క గోడకా? అది చెప్పేదాకా సొల్యూషన్ ట్యూబు మూత తీయనిచ్చేవాడు కాదు.

మీ మొదటి ఫొటో చూడండి. చిల్లు రిమ్ము వైపు ఉంది. దాని చుట్టూ బొట్టుబిళ్లంత గుండ్రటి అచ్చు కూడా పడింది. రోడ్డు మీది ముల్లు అటువైపు రాలేదు. రిమ్ము లోపల పుల్లల నిపుల్స్ (వాటిని బిగించే చిన్న నట్లు) కూర్చునే గుంటలుంటాయి, వాటిని ఒక టేపు కప్పి ఉంచుతుంది. మీ టేపు ఒక పక్కకి జరిగింది. గాలి కొట్టిన ప్రతిసారీ ట్యూబు ఆ గుంటలోకి ఉబ్బి, అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని చివరికి తెగింది.

రెండో ఫొటోలో పక్కపక్కనే రెండు సన్నని గాట్లు, పాము కరిచినట్టు. ఇది గాలి తక్కువై పడే పంచర్. టైరు మెత్తగా ఉన్నప్పుడు గుంత అంచుకు తగిలితే ట్యూబు రోడ్డుకీ రిమ్ముకీ మధ్య నలిగి రెండుచోట్ల తెగుతుంది. ‘రోజూ బొటనవేలితో నొక్కి చూస్తాను, గట్టిగానే ఉంటుంది’ అని రాశారు మీరు. గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో కొలుస్తారు. బొటనవేలికి 35 పీఎస్ఐ కూడా గట్టే, 60 కూడా గట్టే. మీ బరువు 82 కిలోలు, వీపు మీద ల్యాప్‌టాప్ సంచీ. ఈ 38 టైర్లకి వెనక 60, ముందు 50 ఉండాలి. పంచర్ లేకపోయినా ట్యూబు రబ్బరులోంచి గాలి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. వారానికోసారి గేజున్న పంపుతో చూసుకోవాల్సిందే.

ఇక మూడూ నాలుగూ. నాకు బాగా నచ్చినవి ఇవే. ట్యూబులు వేరు, మధ్యలో తొమ్మిది రోజులు గడిచాయి. కానీ రెండింటిలోనూ చిల్లు రోడ్డు వైపే, వాల్వు నుంచి జానెడు దూరంలోనే. ఒకే చోట రెండుసార్లు ముల్లు దిగడానికి అదేమైనా శపథం పట్టిందా? మూడోసారి పంచరైనప్పుడు షాపు కుర్రాడు టైరు మొత్తం ఊడదీయలేదు. ఒక అంచు మాత్రం రిమ్ము దాటించి, పాత ట్యూబు లాగి కొత్తది దూర్చాడు. గుచ్చుకున్నదేదో టైరులో అలాగే ఉండిపోయింది. కొత్త ట్యూబును కూడా అదే పొడిచింది.

అందుకే మీతో దూది పట్టించాను. టైరు లోపల దూది ఉండతో చుట్టూ మెల్లగా తుడుచుకుంటూ పోతే, కంటికి ఆననిది కూడా పోగు పట్టుకుని ఆపుతుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది, దూదికి ఏమీ కాదు. మీకు దొరికింది బియ్యపు గింజలో సగమంత ఇనుప తీగ. గోళ్ల కట్టరుతో పీకి, రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో పంపారు. అది లారీ టైరులోది. పెద్ద బళ్ల రేడియల్ టైర్లలో సన్నని ఉక్కు తీగలుంటాయి. టైరు అరిగో పేలిపోయో రోడ్డు మీద ముక్కలైతే ఆ తీగలు రాలి, బళ్ల గాలికి రోడ్డు అంచుకు చేరతాయి. మనం తొక్కేది ఆ అంచునే కదా. వానాకాలం ఇంకా ఎక్కువ. నీళ్లలో కనపడవు, తడి రబ్బరు తొందరగా తెగుతుంది.

అంటే నాలుగు పంచర్లలో రోడ్డు తప్పు ఒక్కటే. ఒకటి టేపుది, ఒకటి గాలిది, ఒకటి ఆ కుర్రాడి తొందరది.

మీ షాపువాళ్లు అబద్ధమాడారని మాత్రం అనను. మీ చక్రం ట్యూబ్‌లెస్ అయి ఉంటే ఈ నాలుగింటిలో దాదాపు ఏదీ మిమ్మల్ని ఆపేది కాదు. నలగడానికి ట్యూబే ఉండదు. టేపు కొత్తగా, గట్టిగా వేస్తారు. ఆ తీగ చేసిన చిల్లుని సీలెంటు మూసేసేది. కానీ ఒక టేపు, ఒక గేజు పంపు, గుప్పెడు దూది చేసే పనికి 9,500 ఎందుకని నా గొడవ.

పైగా స్కూటర్‌తో పోలిక పెట్టుకున్నారు. ఆశ పుడుతున్నది అక్కడే. స్కూటర్ టైరు మందం వేరు. లోపలి వైపు గాలి పోనివ్వని రబ్బరు పొర ఉంటుంది, టైరు అంచు రిమ్ముని గట్టిగా కరిచి పట్టుకుంటుంది. మేకు దిగినా ఆ మందపు రబ్బరు మేకుని బిగబట్టి ఉంచుతుంది. గాలి నెమ్మదిగా పోతుంది, మీరు ఇంటికి చేరిపోతారు. దాంట్లో నీళ్లూ లేవు, మందూ లేదు. సైకిల్ టైరు అలా కాదు. పలచన. ఎంత పలచనైతే అంత తేలిగ్గా దొర్లుతుంది. అందుకని ట్యూబ్ తీసేస్తే దాని పని చేయడానికి లోపల సీలెంటు పోయాలి. పాలలా తెల్లగా ఉంటుంది, రబ్బరు పాలే ఎక్కువ భాగం, అందులో సన్నని పలుకులు. చక్రం తిరుగుతుంటే లోపలంతా పూసుకుంటుంది. ముల్లు దిగితే గాలితోపాటు చిల్లులోకి తోసుకొచ్చి అక్కడే గడ్డకడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల చిల్లుని చిటికెలో మూసేస్తుంది. 1999లో ఫ్రాన్సు కంపెనీ మావిక్ కొండ సైకిళ్లకి ట్యూబ్‌లెస్ తెచ్చినప్పటి నుంచి ఇది బాగా మెరుగైంది. కాదనను. కానీ స్కూటర్ టైరు మీరు మరిచిపోయినా పనిచేస్తుంది. సైకిల్‌లో పాలు ఎండిపోతాయి.

ఎలా ఎండిపోతాయో నా నోటితోనే చెబుతాను. తార్నాక నుంచి బేగంపేట బ్యాంకుకు నేను సైకిల్ మీదే వెళ్తాను, తొమ్మిది కిలోమీటర్లు. నాలుగేళ్ల కిందట ముచ్చటపడి ట్యూబ్‌లెస్ వేయించుకున్నాను. ఆరు నెలలు పంచర్ మాటే లేదు. కనపడినవాళ్లందరికీ చెప్పుకుని తిరిగాను. మే నెలలో ఇంట్లో పెళ్లిపనులకని మూడు వారాలు ఖమ్మం వెళ్లాను. సైకిల్ బాల్కనీలో, ఎండలో. వచ్చిన మర్నాడు గాలి కొట్టుకుని బయల్దేరితే మెట్టుగూడ దాటకుండానే వెనక టైరు ఉస్సుమంది. మిగిలిన కాసిన్ని పాలు చిల్లులోంచి చిమ్మి నా కుర్తా వెనక గీత గీసినట్టు పడ్డాయి. ఆ మరక ఈరోజుకీ పోలేదు.

రోడ్డు పక్క పంచర్ షాపు ఉంది. ఆయన రెండు రాడ్లతో టైరు అంచు లేపి, లోపల చెయ్యి పెట్టి, నా మొహం వంక చూశాడు. “ఇండ్ల ట్యూబే లేదు గదమ్మా!” అప్పుడు కనపడింది, పాలు ఎండి ఫెవికాల్ తొక్కలా టైరుకంతా అంటుకుని ఉన్నాయి. సంచీలో కొత్త ట్యూబు ఉంది కాబట్టి సరిపోయింది, వేసేయమన్నాను. ట్యూబ్‌లెస్ వాల్వు నట్టు బిగుసుకుపోయి కటింగ్ ప్లయర్‌కి గానీ లొంగలేదు. ట్యూబు దూర్చబోతూ ఆయన ఆగాడు. టైరు లోపల ముళ్లు. లెక్కపెట్టాం, పదకొండు. ఆర్నెల్లుగా దిగినవన్నీ, పాలు మూసిన చిల్లుల్లో మొనలు లోపలికి పొడుచుకుని కూర్చున్నాయి. నాకు పంచర్లు పడలేదనుకున్నాను. పడ్డాయి, పదకొండు పడ్డాయి, నాకు తెలియలేదంతే. ఒక్కోటీ పీకి, దూది పెట్టి తుడిచి ట్యూబు వేసేసరికి ముక్కాలు గంట. ఆయన అడిగింది 60 రూపాయలు. నేను వంద ఇచ్చాను.

నిజానికి అది ట్యూబ్‌లెస్ తప్పు కాదు, నాదే. మే నెల ఎండకి ఆరు వారాలకోసారి పాలు చూసుకోవాలి. వాల్వు లోపల గాలిని ఆపే చిన్న భాగాన్ని (కోరు అంటారు) విప్పి, సన్నని కేబుల్ టై ముంచితే తడి ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. చాలకపోతే పోయాలి. అంతే పని. కానీ ఆ పని మీరు చేస్తారా? టేపు జరిగింది ఏడు నెలలు చూడని మనిషి, గాలి బొటనవేలితో కొలిచే మనిషి ఆరు వారాలకోసారి పాలు కొలుస్తాడంటే నాకు నమ్మకం లేదు. కోపగించుకోకండి, ఆ లెక్కన నేనూ మీ జట్టే. అందుకే తిరిగి ట్యూబుకి వచ్చేశాను.

కాబట్టి మారకండి. మంచి రిమ్ము టేపు వేయించండి, రిమ్ము లోపలి వెడల్పుకి సరిగ్గా సరిపోయేది. గేజున్న నిలువు పంపు ఒకటి కొనండి. వెనక టైరు అరిగాక, అప్పుడే కాదు, లోపల పంచర్ నిరోధక పట్టీ ఉన్న టైరు వేయండి. ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి వాటిలో అయిదు మిల్లీమీటర్ల మందం రబ్బరు పొర ఉంటుంది. బరువు, కొంచెం బద్ధకంగా దొర్లుతుంది. కానీ ఆ తీగ దాన్ని దాటుకుని ట్యూబుని అందుకోవడం కష్టం. సంచీలో ఒక ట్యూబు, టైరు అంచు లేపే రెండు ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు. చక్రం ఊడదీయడం ఒక ఆదివారం ఇంట్లో నేర్చుకోండి. టైరు ఎక్కించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టండి. ఈసారి చిల్లు పడితే టైరులో ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది.

ఇంకొక మాట. 24,000 సైకిల్ రిమ్ములు చాలావరకు ట్యూబ్‌లెస్ కోసం చేసినవి కావు. రిమ్ము మీద ‘ట్యూబ్‌లెస్ రెడీ’ అని ఉందో లేదో చూడండి. లేని రిమ్ముకి టేపు చుట్టి పాలు పోస్తే గాలి నిలుస్తుంది, నిజమే. కానీ గాలి తగ్గినప్పుడు మలుపులో టైరు అంచు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఆ ప్రయోగం వద్దు.

ప్రశ్న: మేడం గారూ, అనంతపురం జిల్లాలో టీచరుగా చేస్తున్నాను. ఇంటి నుంచి బడికి ఏడు కిలోమీటర్లు, సగం మట్టి బాట, చేల గట్లు. 27.5 అంగుళాల కొండ సైకిల్, రిమ్ముల మీద ట్యూబ్‌లెస్ రెడీ అని రాసుంది. పల్లేరుకాయలతో వేగలేకపోతున్నాను. పోయిన నెల ఎనిమిది పంచర్లు. దగ్గరలో పంచర్ షాపు లేదు. – ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీరు రేపే మారిపోండి.

పైన మియాపూర్ ఆయనకు వద్దన్నదే మీకు ఎందుకు రాస్తున్నానంటే, మీ చిల్లులన్నీ రోడ్డు వైపువే అయి ఉంటాయి. పల్లేరుకాయ సంగతి మీకు నేను చెప్పాలా! ఎటు దొర్లించినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంది. ఒక్క రోజులో అయిదారు దిగుతాయి, అన్నీ చిన్న చిల్లులే. సీలెంటు సరిగ్గా వీటి కోసమే పుట్టింది. పంచర్ నిరోధక టైరు కూడా వారం పది రోజులు ఆగుతుంది గానీ, ముల్లు టైరులోనే ఉండి ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం లోపలికి దిగుతూనే ఉంటుంది.

చక్రానికి వంద మిల్లీలీటర్ల దాకా సీలెంటు పోయించండి. టైరు మొదటిసారి రిమ్ములో కూర్చోవడానికి ఒక్కసారిగా బోలెడు గాలి కావాలి, చేతి పంపుతో రాదు. లారీ పంచర్ షాపులో కంప్రెసర్ ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి. టైరు అంచులకి సబ్బునీళ్లు రాసి, వాల్వు కోరు తీసేసి గాలి కొట్టమనండి. టప్ టప్‌మని రెండు చప్పుళ్లు వస్తే కూర్చున్నట్టు. మీది సన్నని ప్రెస్టా వాల్వు అయితే లారీ షాపు గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి సైకిల్ షాపుల్లో దొరుకుతుంది, కొని తాళం గుత్తికి తగిలించుకోండి. అది బిగేది కోరు మీదే కాబట్టి, అడాప్టరుతో గాలి కొట్టేటప్పుడు కోరు తీయొద్దు. తర్వాత కోరు తీసిన దారిలోంచి సీలెంటు పోసి, కోరు బిగించి మళ్లీ గాలి కొట్టి చక్రం తిప్పండి. ఒక్కో వైపు కాసేపు పడుకోబెట్టండి కూడా, అప్పుడు పక్క గోడలకి పట్టుకుంటుంది. మట్టి బాటకి 30 పీఎస్ఐ లోపే చాలు, ట్యూబు లేదు గనక నలిగే భయం తక్కువ. గతుకులు కూడా నడుముకి ఇంతగా తెలియవు.

ముల్లు కనపడితే అక్కడే పీకి, చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిమిషం ఆగండి. మూసుకుంటుంది. మూసుకోకపోతే గుచ్చే రబ్బరు పుల్లలు వస్తాయి, స్కూటర్‌కి పెట్టేవాటికి తమ్ముళ్లు. సంచీలో ట్యూబు మాత్రం మానకండి. అది వేయాల్సి వస్తే ముందు టైరు లోపలి ముళ్లన్నీ ఏరండి, నా పదకొండు గుర్తుపెట్టుకుని. వేసవి సెలవుల్లో సైకిల్ ఎండలో పెట్టొద్దు. జూన్‌లో బడి తెరిచే ముందు కొత్తగా సీలెంటు పోయకుండా ఎక్కొద్దు.

ప్రశ్న: వైజాగ్‌లో ఆదివారాలు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కుతాను. కొత్త రోడ్ సైకిల్, ట్యూబ్‌లెస్ టైర్లు, హుక్‌లెస్ రిమ్ములు. పాత సైకిల్‌కి 100 పీఎస్ఐ కొట్టేవాణ్ణి, దీనికీ అంతే కొట్టనా?

జవాబు: వద్దే వద్దు! హుక్‌లెస్ రిమ్ములో టైరుని పట్టి ఆపే కొక్కెం అంచు ఉండదు. వాటికి గరిష్ఠం 5 బార్, అంటే 72 పీఎస్ఐ చిల్లర. అంతకు మించితే టైరు ఊడి ఎగిరిపోవచ్చు. మీ టైరు, రిమ్ము రెండింటి మీదా రాసిన అంకెలు చూసి, తక్కువదాన్ని పట్టుకోండి.

ప్రశ్న: అమ్మాయీ, తెనాలి నుంచి రాస్తున్నాను, వయసు 71. నా సైకిల్ 28 అంగుళాలది, నలభై ఏళ్ల నాటిది. రోజూ మార్కెట్టుకీ గుడికీ అదే. రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి దిగిపోతోంది. పంచర్ లేదని షాపువాడు రెండుసార్లు తేల్చాడు. మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోన్ చేసి ట్యూబ్‌లెస్ వేయిస్తానంటున్నాడు.

జవాబు: బాబాయి గారూ, అబ్బాయికి ప్రేమ ఎక్కువ గానీ అది కుదరదు. మీ 28 బై ఒకటిన్నర టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్త సైకిళ్ల 700 సైజుది 622. అంకెలు దగ్గరగా ఉన్నాయని ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. మీ సైజుకి ట్యూబ్‌లెస్ టైర్లు బజార్లో లేవు. మామూలు టైర్లకి కొదవ లేదు, హైదరాబాదు హార్టెక్స్ వాళ్లూ లుధియానా రాల్సన్ వాళ్లూ ఇంకా చేస్తూనే ఉన్నారు.

అసలు మీకు టైరు జబ్బు కాదు, వాల్వు జబ్బు అని నా అనుమానం. మీ సైకిల్‌కి ఉన్నది డన్‌లప్ వాల్వు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరుకి పేటెంటు తీసుకున్న పశువైద్యుడి పేరు దానికి ఇప్పటికీ అంటిపెట్టుకుని ఉంది. అందులో సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది, మనం వాల్ ట్యూబు అంటామే అదే. ఏళ్లు గడిస్తే ఎండి పగులుతుంది. గాలి కొట్టాక వేలు నోట తడిచేసి వాల్వు మూతి మీద రాయండి. బుడగ ఉబ్బిందా, దొంగ దొరికినట్టే. నట్టు విప్పి, పాత గొట్టం లాగేసి, కొత్తది తడిపి తొడగండి. పంచర్ షాపులో మూర కొంటే ఏడాది పొడుగునా వస్తుంది. మా నాన్న అద్దె సైకిళ్లకి దసరా ముందు పన్నెండింటికీ ఒకేసారి మార్చేసేవాడు, పాడైనా పాడవకపోయినా.

అప్పటికీ గాలి దిగితే ట్యూబు విప్పించి తొట్టిలో ముంచమనండి. ఈసారి బాగా బిగించి గాలి కొట్టాక ముంచాలి, మెత్తటి ట్యూబులో సూదిమొన చిల్లు బయటపడదు. బుడగ లేచిన చోట సున్నా చుట్టించి, ఎదురింటి పిల్లల చేత ఫొటో తీయించి పంపండి. వాల్వు కూడా కనపడాలి.